అక్రాన్‌లో ఒక ఇల్లు, మా ఊళ్ళో ఒక పెళ్ళి

కొలంబస్ నుంచి అక్రాన్‌కి కారులో రెండు గంటలు. ఇంటర్‌స్టేట్ 71 మీద ఉత్తరానికి వెళ్ళి, తర్వాత 76 పట్టుకోవాలి. దారి పొడవునా కోతలైపోయిన మొక్కజొన్న చేలు, ఎర్రబడ్డ చెట్లు, అక్కడక్కడా పెట్రోల్ బంకులు. అక్టోబర్ ఆఖర్లో ఒక శనివారం పొద్దున నేనొక్కణ్ణే బయల్దేరాను.

ఒహాయోలో ఉండే మన తెలుగువాళ్ళెవరూ చూడ్డానికని పనిగట్టుకుని అక్రాన్ వెళ్ళరు. చుట్టాలొస్తే నయాగరా తీసుకెళ్తారు. లాంగ్ వీకెండ్ వస్తే పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తారు. ఆ గుడి పులిహోర గురించి వేరే వ్యాసమే రాయొచ్చు. అక్రాన్ అంటే టైర్ల ఊరు. గుడ్‌ఇయర్, ఫైర్‌స్టోన్ కంపెనీలు పుట్టిన చోటు. "ఆ ఊళ్ళో ఏముంది మామా?" అని అడిగాడు మా రూమ్మేట్. "ఒక డాక్టర్ గారి ఇల్లుంది" అన్నాను. వాడికి అర్థమైంది. ఇంకేం అడగలేదు.

నేను తాగడం ఆపి అప్పటికి తొమ్మిది నెలలు.

ఈ వ్యాసం కింద నా పేరు ఉండదు. సిగ్గుపడి కాదు. ఆల్కహాలిక్స్ అనానిమస్‌కి పన్నెండు సంప్రదాయాలున్నాయి. పత్రికల్లో, రేడియోలో, సినిమాల్లో సభ్యులు తమ పేరు బయటపెట్టుకోకూడదన్నది వాటిలో పదకొండోది. ఇంట్లోవాళ్ళకి చెప్పుకోవచ్చు, స్నేహితులకి చెప్పుకోవచ్చు, ఊరంతా చాటుకోకూడదు. రేపు నేను మళ్ళీ తాగానే అనుకోండి, పరువు పోయేది నా ఒక్కడిదే, మొత్తం సంఘానిది కాదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఒక సర్వర్ పడిపోయినా సిస్టమ్ నడవాలి. ఈ ఏర్పాటు చేసినవాళ్ళెవరికీ కంప్యూటర్ తెలీదు గానీ డిజైన్ మాత్రం బాగా చేశారు.

నా కథలో పెద్ద విశేషం లేదు. నెల్లూరు జిల్లాలో ఇంజనీరింగ్, ఇక్కడ ఎం.ఎస్., ఉద్యోగం. మొదట శుక్రవారం సాయంత్రాలు. తర్వాత గురువారాలు. తర్వాత, ఇంటి నుంచి పని మొదలయ్యాక, వారాల లెక్కే పోయింది. సీసాలు దాచడంలో మాత్రం నాకు మంచి ప్రతిభ ఉండేది. ఇరవై పౌండ్ల సోనామసూరి బస్తాలో చెయ్యి మోచేతిదాకా దూరిస్తే గానీ తగలనంత లోతున దాచేవాణ్ణి. జనవరిలో ఒక రాత్రి ఆన్‌కాల్ డ్యూటీ నాది. ఫోన్ పదకొండుసార్లు మోగిందట. నేను వంటింటి గచ్చు మీద పడున్నాను. పక్కన చిరిగిన బియ్యం బస్తా. రూమ్మేట్ నన్ను లేపి, మొహం కడిగి, గచ్చు మీద బియ్యం ఊడ్చాడు. ఒక్క మాట అనలేదు. తెల్లారాక మాత్రం, "మామా, నెలాఖరుకి నేను వేరే ఇల్లు చూసుకుంటా" అన్నాడు.

ఆ వారం డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఉంటే ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. రోజూ గట్టిగా తాగేవాళ్ళు పంతం పట్టి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టర్, తర్వాతే మిగతావి. మన దేశంలో అయితే వ్యసనాల నుంచి బయటపడాలనుకునేవాళ్ళ కోసం 14446 అని ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ ఉంది. నాకు కొన్ని రోజులు మందులిచ్చి, చివరి రోజున డాక్టరమ్మ అంది: "మందులు ఒంటికి. సాయంత్రాలకి ఏం చేస్తావు?"

సాయంత్రాలకి ఒక యాప్ ఉంది. నీలం రంగు మీద తెల్ల మడతకుర్చీ బొమ్మ. తెరిస్తే చుట్టుపక్కల ఏ మీటింగ్ ఎన్ని గంటలకో దూరంతో సహా చూపిస్తుంది. ఓపెన్ మీటింగైతే ఎవరైనా వెళ్ళొచ్చు, భార్యాభర్తలు, డాక్టర్లు, ఊరికే తెలుసుకోవాలనుకునేవాళ్ళు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు మానాలనుకునేవాళ్ళకి మాత్రమే. అడ్రస్ కనుక్కోవడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. లోపలికి వెళ్ళడానికి తొమ్మిది రోజులు.

అదొక చర్చి సెల్లార్. మొదటి మూడుసార్లు పార్కింగ్‌లో కార్లోనే కూర్చుని వెనక్కొచ్చేశాను. అవతల సందులో మన ఇండియన్ స్టోర్ ఉంది. ఎవరైనా చూస్తే? మా కొలీగ్ వాళ్ళావిడ కరివేపాకు కొనుక్కుని బయటికొస్తూ చూస్తే? అప్పటికి ఆమె నన్ను ఎన్ని పార్టీల్లో తూలుతూ చూసిందో నాకు గుర్తు రాలేదు. తాగి పడిపోవడానికి లేని సిగ్గు, మానడానికి వెళ్ళడానికి వచ్చింది చూడండి.

నాలుగోసారి బయట సిగరెట్ కాలుస్తున్న ఒక పెద్దాయన వచ్చి కారు అద్దం మీద తట్టాడు. "లోపల కాఫీ ఘోరంగా ఉంటుంది. కానీ ఊరికే ఇస్తారు" అన్నాడు. అంతే. ఎందుకొచ్చావు అనలేదు.

పేరడిగితే శామ్ అని చెప్పాను. కాఫీ షాపుల్లో నా పేరు పలకలేరని చెప్పే దొంగపేరు అది. ఇరవై మంది ఉంటారేమో. మేస్త్రీలు, ఒక నర్సు, ఒక లాయరు, కాలేజీ పిల్ల ఒకతి. ఒక్కొక్కరూ మాట్లాడతారు, మిగతావాళ్ళు వింటారు. మధ్యలో అడ్డం రాకూడదు, సలహాలు ఇవ్వకూడదు. మన దేశంలో పదిమంది కూర్చున్న చోట గంటసేపు ఎవరూ ఎవరికీ సలహా ఇవ్వకుండా ఉండటం నేనైతే చూడలేదు. చివర్లో ఒక బుట్ట తిరుగుతుంది. వేసేవాళ్ళు ఒకటో రెండో డాలర్లు వేస్తారు. కొత్తవాళ్ళు వెయ్యక్కర్లేదు. ఫీజు లేదు, రిజిస్టర్ లేదు. ఆ బుట్ట డబ్బులే అద్దెకి, కాఫీకి. బయటివాళ్ళ విరాళాలు తీసుకోరు.

ఆ తర్వాత అందరూ చేతులు పట్టుకుని క్రైస్తవ ప్రార్థన చెప్పారు. నాకు గుండెలో రాయి పడింది. నేను సుబ్రహ్మణ్యస్వామి పేరు పెట్టుకున్నవాణ్ణి, ఇదేదో మతం మార్చే వ్యవహారం కాదు కదా అని. బయట ఆ సిగరెట్ పెద్దాయన్ని అదే అడిగేశాను. ఆయన నవ్వి, "దేవుడంటే నీకు ఎవరు తెలిస్తే వాళ్ళు. నాకు చాలాకాలం ఈ గదే దేవుడు. నీకు నచ్చకపోతే ఆ సమయంలో నోరు మూసుకుని నిలబడు, నేనూ అదే చేశాను" అన్నాడు. ఈ దేవుడి మాటలు అసలే పడనివాళ్ళకి వేరే పద్ధతుల్లో నడిచే గుంపులూ ఉన్నాయి, స్మార్ట్ రికవరీ లాంటివి. నేను రెండూ చూసి, ఇంటికి దగ్గరని ఇక్కడే ఉండిపోయాను. ఇదేదో నమ్మకంతో నడిచే తంతు అనుకునేవాణ్ణి. 2020లో కోక్రేన్ సంస్థ అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి, తాగుడు పూర్తిగా మానడంలో ఈ పద్ధతి మిగతా చికిత్సలకి ఏమాత్రం తీసిపోదని, కొన్నిచోట్ల మెరుగేనని తేల్చిందని తర్వాత చదివాను. డేటా చూస్తే గానీ నమ్మని జబ్బు నాది.

ఆ పెద్దాయనే నా స్పాన్సర్ అయ్యాడు. అంటే ముందు ఈ దారి నడిచినవాడు, రాత్రి రెండింటికైనా ఫోన్ ఎత్తేవాడు. ఆయన తండ్రి అక్రాన్ టైర్ల ఫ్యాక్టరీలో పనిచేశాడట. తొమ్మిది నెలల బిళ్ళ నా చేతిలో పెట్టిన రోజున, "ఇంత దగ్గర్లో ఉండి ఆ ఇల్లు చూడలేదా? వెళ్ళు" అన్నాడు. అసలు సంగతి ఆయనకి తెలుసు. నవంబర్ ఆఖర్లో మా చెల్లెలి పెళ్ళి. మూడేళ్ళ తర్వాత ఇంటికి వెళ్తున్నాను. మా బంధువుల పెళ్ళిలో విడిదింటి వెనక ఏం జరుగుతుందో ఆయనకి ఇంతకుముందే చెప్పాను. నాకు వణుకుగా ఉంది.

అక్రాన్‌లో ముందు మెయిన్ స్ట్రీట్‌లో ఒకప్పటి మేఫ్లవర్ హోటల్ ముందు ఆగాను. ఇప్పుడది అపార్ట్‌మెంట్ల బిల్డింగ్, బయటి నుంచే చూశాను. 1935 మే 11, శనివారం. బిల్ విల్సన్ అని న్యూయార్క్ షేర్ మార్కెట్ మనిషి ఒక కంపెనీని చేజిక్కించుకునే వ్యవహారం మీద ఈ ఊరొచ్చాడు. అది బెడిసికొట్టింది. జేబులో డబ్బుల్లేవు. తాగుడు మాని ఐదు నెలలు. హోటల్ లాబీలో ఒక చివర బార్, నవ్వులు, గ్లాసుల చప్పుడు. ఇంకో చివర ఫోను, పక్కన చర్చిల పేర్ల పట్టిక. అతను ఫోన్ వైపు నడిచాడు. ఒక పాస్టర్‌కి ఫోన్ చేసి, మాట్లాడటానికి ఎవరైనా తాగుబోతు దొరుకుతాడా అని అడిగాడు. ఆయన కొన్ని పేర్లిచ్చాడు. ఒకరి తర్వాత ఒకరికి చేసుకుంటూ పోతే చివరికి హెన్రియెట్టా సైబర్లింగ్ అనే ఆవిడ దొరికింది. గుడ్‌ఇయర్ స్థాపకుడి కోడలు. ఆవిడకి తెలిసిన ఒక సర్జన్ ఉన్నాడు, డాక్టర్ బాబ్ స్మిత్, తాగి తాగి ప్రాక్టీసు పోగొట్టుకుంటున్నవాడు.

మర్నాడు మదర్స్ డే సాయంత్రం స్టాన్ హైవెట్ అనే వాళ్ళ పెద్ద బంగళా గేటు దగ్గరున్న చిన్నింట్లో ఇద్దరూ కలిశారు. పదిహేను నిమిషాలకంటే ఉండనని చెప్పి వచ్చాడట డాక్టర్. ఆరు గంటలు కూర్చున్నాడు. బిల్ ఆయనకి నీతులు చెప్పలేదు. తన సంగతి చెప్పుకున్నాడు, తను తాగకుండా ఉండాలంటే ఇంకో తాగుబోతుతో మాట్లాడాలి, అందుకే వచ్చానన్నాడు. అవసరం నీది కాదు, నాది అన్నట్టు. నాకు ఈ కథలో నచ్చేది అదే.

అక్కణ్ణుంచి ఆర్డ్‌మోర్ ఎవెన్యూ. 855 నంబరు. మెట్లెక్కాలి. మామూలు రెండంతస్తుల మధ్యతరగతి ఇల్లు, ముందు వరండా. మ్యూజియం అంటే టిక్కెట్టు, తాడు, సెక్యూరిటీ ఊహించుకుని వెళ్ళాను. తలుపు తీసిన ఆయన "ఇంటికి రండి, ఇది మీ ఇల్లే" అన్నాడు. వచ్చినవాళ్ళందరికీ అదే మాట అంటారట. ఆ సంగతి తెలిశాక కూడా, ఆ క్షణంలో గొంతులో అడ్డుపడ్డది కిందికి దిగలేదు.

కాఫీ ఇచ్చారు. ఇది ఘోరంగా లేదు.

ఆ ఇంట్లో నేను ఎక్కువసేపు నిలబడింది సెల్లార్‌లో. డాక్టర్ బాబ్ సీసాలు ఎక్కడెక్కడ దాచేవాడో తనే రాసుకున్నాడు. బొగ్గుల తొట్టిలో, మాసిన బట్టలు కిందికి జారవేసే గొట్టంలో, ద్వారబంధాల మీద, సెల్లార్ దూలాల మీద. మేజోళ్ళలో కూడా పెట్టుకుని ఇంట్లోకి తెచ్చేవాడట. 1933లో వచ్చిన టగ్‌బోట్ యానీ అనే సినిమాలో హీరో అదే పని చేశాడు. అది చూసిన భార్యకి విషయం తెలిసిపోయింది. చదివినప్పుడు నవ్వాను. దూలం కింద నిలబడి పైకి చూసినప్పుడు మాత్రం సోనామసూరి బస్తా గుర్తొచ్చింది. డార్ట్‌మత్‌లో చదివిన సర్జను, నెల్లూరు ఇంజనీరు, ఇద్దరి బుర్రలూ ఒకే అల్గారిథమ్ రాశాయి.

ఆ వేసవిలో బిల్ ఈ ఇంట్లోనే ఉన్నాడు. మధ్యలో డాక్టర్ బాబ్ ఒక మెడికల్ సమావేశానికి అట్లాంటిక్ సిటీ వెళ్ళి, మళ్ళీ ఒళ్ళు తెలీకుండా తాగి వచ్చాడు. ఆ వెంటనే ఒక ఆపరేషన్ చెయ్యాలి, చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు ఆగడానికి ఆ పొద్దున బిల్లే ఆయనకి ఒక సీసా బీరు ఇచ్చాడు. అదే ఆయన తాగిన చివరి చుక్క. 1935 జూన్ 10. ఆ తారీఖునే సంఘం పుట్టిన రోజుగా లెక్కేస్తారు. పుట్టినరోజు పండగ ఒక గొప్ప విజయంతో కాదు, వణుకుతున్న చేతులతో, ఒక బీరు సీసాతో మొదలైంది. ఇలాంటి నిజాన్ని దాచకుండా చెప్పుకునే సంస్థలు తక్కువ.

పై అంతస్తులో గదులున్నాయి. తాగి ఒళ్ళు పాడైనవాళ్ళని తెచ్చి ఆ మంచాల మీద పడుకోబెట్టేవారట. ఆయన భార్య ఆన్ వాళ్ళకి వండిపెట్టేది. ఈ కథల్లో ఆడవాళ్ళకి అర పేజీయే దొరుకుతుంది. పరాయి తాగుబోతులకి పొద్దున్నే టిఫిన్ పెట్టిన ఆవిడ ఏమనుకునేదో నాకు తెలుసుకోవాలని ఉంటుంది. తాగేవాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం ఆల్-అనాన్ అని వేరే సంఘం బిల్ భార్య లోయిస్ పూనికతో 1951లో గానీ మొదలవలేదు. మా అమ్మకి అలాంటిదొకటి ఉందని చెప్పడానికి నాకు ఇంకో నెల పట్టింది.

సాయంత్రం మౌంట్ పీస్ శ్మశానానికి వెళ్ళాను. డాక్టర్ బాబ్ 1950 నవంబర్‌లో పోయాడు. సమాధిరాయి మీద ఆయన పేరు, భార్య పేరు, తేదీలు. సంఘం గురించి ఒక్క ముక్క లేదు. రాయి మీద మాత్రం ఎవరెవరో వదిలి వెళ్ళిన బిళ్ళలు. నెల రోజులవి, ఏడాదివి, ముప్ఫై ఏళ్ళది ఒకటి. జేబులో నా తొమ్మిది నెలలది పట్టుకుని కాసేపు నిలబడ్డాను. పెట్టబుద్ధి కాలేదు. పెళ్ళికి అది కావాలి.

హైదరాబాద్‌లో దిగి, నెల్లూరు రైలుకి ముందు ఒక రోజు ఉండేలా టిక్కెట్లు కావాలనే అలా తీసుకున్నాను. సికింద్రాబాద్‌లో ఒక స్కూలు గదిలో తెలుగు మీటింగ్. ఆటో డ్రైవర్లు, ఒక రిటైర్డ్ బ్యాంక్ ఆఫీసరు, చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్ళు ఇరుక్కుని అందరం. బోర్డు మీద ఎక్కాలు. కాఫీకి బదులు అల్లం చాయ్. మిగతాదంతా ఒక్కటే, బుట్టతో సహా. సలహాలు కూడా ఇవ్వలేదు, నమ్మండి.

నా వంతు వచ్చింది. కొలంబస్‌లో రెండొందలసార్లు చెప్పిన మాటే. ఇంగ్లీషులో "ఆల్కహాలిక్" అనడం సులువు, జ్వరం పేరు చెప్పినట్టుంటుంది. తెలుగులో నాకు తెలిసిన మాట ఒక్కటే. మా అవ్వ మా తాతని తిట్టిన మాట. ఆయన సారా తాగి నలభై ఏళ్ళకే పోయాడు. 1992లో మా జిల్లాలో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. అక్షరదీపం రాత్రిబడిలో చదువుకున్న పాఠాలు వాళ్ళని కదిలించాయి. ఆ నిప్పు ఊరూరికీ అంటుకుంది. మా ఊళ్ళో చీపుర్లు పట్టుకుని వెళ్ళినవాళ్ళలో అవ్వ ఉంది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని ఎత్తేశారు. నేను పుట్టింది ఆ ఏడే. అలాంటి ఇంట్లో పుట్టి నేను ఆ మాట ఎలా అనను?

"నా పేరు సుబ్బు. నేను తాగుబోతుని" అన్నాను. ఆ పేరూ సగం నిజమే, మా ఇంట్లో ముద్దుపేరు. బెంచీలన్నీ కలిసి "నమస్తే సుబ్బూ" అన్నాయి.

పెళ్ళి మా ఊళ్ళోనే. వరపూజ రాత్రికే మా బావలు విడిదింటి వెనక మామిడి చెట్ల కింద చేరారు. "అమెరికా బావా, ఫారిన్ సరుకు తెచ్చినావా లేదా?" అన్నారు. మందులు వాడుతున్నానని అబద్ధం చెప్పాను. పెళ్ళి రాత్రి ఆ అబద్ధం పనిచెయ్యలేదు. ముహూర్తం పది దాటాక. ఎనిమిదింటికి ఒకడు గ్లాసు నా చేతిలో పెట్టేశాడు. చల్లగా ఉంది. వాసన తగిలింది. పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. పక్క గోడ మీద పెట్టి, కారు దగ్గరికి నడిచాను. పరిగెత్తానని చెప్పడం న్యాయం.

కారు అద్దాలెత్తి, ఫోన్‌లో ఆన్‌లైన్ తెలుగు మీటింగ్ పెట్టాను. సికింద్రాబాద్‌లో ఇచ్చిన లింకే. బయట సన్నాయి, లోపల ఎవరో ఒక ఆటో డ్రైవర్ గొంతు. నా వంతు వచ్చి, గ్లాసు సంగతి చెప్పి, ఏడుస్తుండగా అద్దం మీద తట్టారు. అవ్వ.

తలుపు తీశాను. పక్క సీట్లో కూర్చుంది. "ఎవురితోరా మాట్లాడతన్నావు?"

చెప్పాను. మొత్తం కాదు. సగం చెప్పేసరికే ఆమెకి తెలిసిపోయింది. ఫోన్ వంక చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. తిడుతుందనుకున్నాను.

"అందులో ఆడోళ్ళు గూడా ఉంటారా?"

"ఉంటారవ్వా."

"దుడ్లెంత తీసుకుంటారు?"

"ఏం తీసుకోరు."

"మరి వాళ్ళకేంది లాభం?"

అక్రాన్ గేటు పక్క చిన్నిల్లు గుర్తొచ్చింది. "నాతో మాట్లాడితే వాళ్ళు తాగకుండా ఉంటారంట" అన్నాను.

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ తాతకి అట్టా ఎవురూ దొరకలా. మేమంతా చీపుర్లెత్తినోళ్ళమే" అంది. తర్వాత దిగి, చీర సర్దుకుని, తలుపు వెయ్యబోతూ ఆగింది.

"వాళ్ళ మాటలన్నీ అయిపోయినాకే రా. జీలకర్ర బెల్లానికి ఇంకా టైముందిలే."